సత్రం వారి నేల

సంతపేటలో, చికెను కొట్ల వెనక సందులో
రెండో అంతస్తు, తలుపు నంబరు ఆరు.
ఎనిమిదేళ్ళ కిందట కొన్నామనుకున్నాం.
ఎందుకంత చవకో అడగలేదు,
అడిగితే ధర పెరుగుతుందేమోనని.

గోడలు మావి, గచ్చు మాది,
నేను చీరలకి ఫాల్ కుట్టుకునే కిటికీ వెలుతురు మాది.
కింద నేల మాత్రం చిట్టమూరి వారి సత్రానిది.
సత్రం కూలిపోయి చాన్నాళ్ళయింది.
ట్రస్టు మిగిలింది, రబ్బరు స్టాంపుతో సహా.

అప్పు కోసం వెళ్తే బ్యాంకు కుర్రాడు కాగితాలు తిరగేసి
స్కానింగు చూసిన డాక్టరులా గొంతు తగ్గించి
"పద్నాలుగు నెలలే ఉందండీ" అన్నాడు.

రిజిస్ట్రారాఫీసు ఎదురు రేకుల షెడ్డులో
దస్తావేజులు రాసే మాల్యాద్రిగారు
కళ్ళద్దాలు నుదుటికెత్తి చదువుతుంటే
మా నాయన చేను కొన్నప్పటి మాటలు వెతుక్కున్నాను.
నిధి నిక్షేప జల తరు పాషాణ...
అర్థం తెలియకపోయినా నోట్లో నానేవి చిన్నప్పుడు.
ఆచంద్రార్కం, పుత్రపౌత్ర పారంపర్యం.
"అవి క్రయానికమ్మా. ఇది లీజు.
ఇందులో సూర్యుడూ చంద్రుడూ ఉండరు.
తేదీలుంటాయి."

ఇంకో ముప్పై మూడేళ్ళకి
తలుపుకి రెండు లక్షల ఎనభై వేలు.
తిరుపాలు చీటీ ముందే పాడి నలభై వేలు పోగొట్టుకున్నాడు.
ఎనిమిది తలుపులూ కలిసి సంతకం పెట్టాలి.
ఏడు పెట్టాయి.

కింద ఒకటో నంబరు మస్తానయ్య తాత
వేళ్ళు మడిచి లెక్కేశాడు.
"నాకు ఎనభై ఒకటి. ముప్పై మూడు కలిపితే
నూటా పద్నాలుగు. అంత కాలం
ఏం జేసేదమ్మా ఈడ కూచోని?"
నవ్వాం. కాగితం మడిచి తిరిగొచ్చాం.
ఒకసారి బొరుగులు పట్టుకెళ్ళాను.
ఒకసారి సెక్రెటరీని వెంటేసుకెళ్ళాను.

మూడోసారి వెళ్ళింది సంతకం కోసం కాదు.
వాయుగుండం పట్టి, మురిక్కాలవ ఎగదన్ని
ఆయన గదిలోకొచ్చింది.
ట్రంకు పెట్టె ఎత్తి మంచం మీద పెట్టాను.
దాని పక్కనే కాళ్ళు ముడుచుకుని కూర్చుని
గోడతో చెప్పినట్టు చెప్పాడు:

"ఈడ సత్రం ఉండగా వంటాయనకి నీళ్ళు మోసేవోణ్ణి.
ఎవురొచ్చినా మూడు రాత్రులే.
నాలుగో పొద్దున చాప చుట్టడం నా పని.
ఆత్మకూరు తట్టు నించి ఒకామె,
పెద్దాసుపత్రిలో బిడ్డకి బాగలేక.
ఒక్క రాత్రి అబ్బయా, ఒకటంటే ఒకటి, అనింది.
నాకు పదహారు. రూలు రూలేనన్నా.
చాప చుట్టినా."

మోటారు ఎక్కడో ఆగిపోయింది.

"ఇప్పుడు బోయి ఆళ్ళనే
పన్నెండు వేల రాత్రులు అడగాల్నా నేను?"

ఏం చెప్పను?
బకెట్టు తెచ్చి నీళ్ళు ఎత్తిపోశాను.

సోమవారం ఆయనే వచ్చాడు, ఇస్త్రీ పంచెలో,
ఎవరూ పిలవకుండానే.
సంతకం పెట్టబోయి ఆగాడు.
"ఒక రాత్రి ఉంటానని అడిగినోళ్ళని
లేదనకూడదని ఒక ముక్క రాయి సామీ."
"తొమ్మిదో షరతు చూడు తాతా.
ఇంకొకరికి అద్దెకివ్వడం నిషిద్ధం."
"అద్దె తీసుకుంటే గదా."
మాల్యాద్రిగారు పెన్ను మూత తీసి, పెట్టి,
మళ్ళీ తీసి,
ఆ ముక్క రాయకుండానే కాగితం ఆయన ముందుకి జరిపారు.
తాత పేరంతా రాశాడు, ఇంటిపేరుతో, నిదానంగా.

ఇప్పుడు కింద గ్రిల్లు మీద అప్పుడప్పుడూ
ఎవరిదో చాప ఆరుతుంటుంది.
ఎవరిదో ఫ్లాస్కు, ఆసుపత్రి చీటీలున్న కవరు.
ఈసారిది ఆకుపచ్చ అంచు చాప.
పొద్దున పాలకి దిగుతూ చూశాను.
ఐదో రోజు.